గంప కింద పిల్ల

కువైట్‌లో నాలుగేళ్లు ఇంటిపని చేసి వారం కిందట అమలాపురం దగ్గర తన ఊరికి తిరిగొచ్చిన పావని, అమ్మమ్మ దగ్గర పెరిగిన ఆరేళ్ల కూతురు హారతి. మధ్యాహ్నం, వసారాలో.

“ఇప్పుడు పడుకోనండి. అమ్మమ్మొచ్చి టేపు పెడితే పడుకుంటాను.”

“టేపెందుకమ్మా? నేనున్నాను కదా, కథ నేను చెప్తాను. నన్ను అండీ అనకు.”

“కొత్తవాళ్లని అండీ అనాలంట. అమ్మమ్మ చెప్పింది.”

“నేనెవరో కూడా చెప్పిందిగా అమ్మమ్మ?”

“చెప్పింది.”

“ఏమని?”

“టేపులో కథలు చెప్పేది మా అమ్మండి. కువైట్ నించి పంపిస్తుంది. బోల్డు క్యాసెట్లున్నాయి.”

“సరేలే. మనిద్దరం కలిసి ఓ కథ అల్లుదామా? ఏ క్యాసెట్లోనూ లేనిది.”

“జంతువులుండాలి.”

“ఉంటాయి. నువ్వే మొదలెట్టు.”

“ఒక కోడి. అది బాతుగుడ్ల మీద కూర్చుంది.”

“కోడికి బాతుగుడ్లేంటి?”

“మీకు తెలీదా? బాతు సరిగ్గా పొదగదండి. అమ్మమ్మ కోడి కిందే పెడుతుంది.”

“అవునవును, మర్చిపోయాను. ఆ గుడ్లు వేరేవాళ్లింట్లో ఉన్నాయందాం. కోడి తన పిల్లనొదిలేసి అంత దూరం వెళ్లింది.”

“ఎందుకొదిలేసింది?”

“వాళ్లు గింజలేస్తారు. దాచి పిల్లకి పంపుదామని.”

“పిల్లెక్కడుంది మరి?”

“గంప కింద. అమ్మమ్మ దగ్గర.”

“కోడిపిల్లకి అమ్మమ్మ ఉండదండి.”

“ఈ కోడిపిల్లకి ఉంది. తర్వాత?”

“బాతుపిల్లలు పుట్టాయి. కాలవలో దూకి ఈదుకుంటూ పోయాయి. కోడికి ఈత రాదు కదా, గట్టు మీదే ఉండిపోయింది.”

“అలాగే పోతాయి. కువైట్‌లో నేను చంకనేసుకుని పెంచిన వాళ్ల పిల్లోడు, నేనొచ్చేసే రోజు ఆడుకునే బొమ్మల మీంచి తలెత్తి చూడలేదు.”

“పిల్లోడు కాదండి, బాతులు.”

“బాతులే. అప్పుడా కోడికి తన పిల్ల మీద బెంగ పుట్టి పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చింది. పిల్ల దాన్ని చూసి, అమ్మా అని...”

“అనలేదు.”

“అనిపిద్దాం హారతీ. మన కథేగా.”

“ఎలా అంటుందండి? అది గంప కింద ఉంది. కోడిని చూళ్లేదు. అరుపొక్కటే తెలుసు.”

“ఫొటోలు పంపింది కదా కోడి?”

“ఫొటోలో కోడి లావుగా ఉందండి.”

“చిక్కిపోయింది. తిండి సయించక చిక్కిపోయింది. మరిప్పుడా కోడి ఏం చెయ్యాలి? నువ్వే చెప్పు తల్లీ, నాకు తెలీట్లేదు.”

“కనపడకుండా అరవాలి.”

“కనపడకుండానా?”

“ఆఁ. మీరు ఆ తలుపెనక్కెళ్లండి. టేపులో అమ్మ మొదలెట్టినట్టు మొదలెట్టండి. నేను కళ్లు మూసుకుంటాను.”

“వెళ్తున్నాను.”

“తలుపు బాగా వెయ్యండి. చీర కనపడుతోంది.”

“వేశాను. హారతమ్మా, అన్నం తిన్నావా? అమ్మమ్మని విసిగించట్లేదు కదా?”

“తిన్నానమ్మా. విసిగించట్లేదు. మనింటికి ఒకావిడొచ్చింది. మంచావిడే, జడ బాగా వేస్తుంది. అమ్మా, నువ్వెప్పుడొస్తావు?”