కొత్తకాయ మొదటి ముక్క

అవ్ పుష్పలతా, దొరతనం మనింట్లకు ఎట్లొచ్చిందంటివి, గదే చెప్తున్న, నడుమల మాట్లాడకు బిడ్డా, ఈ ఫోన్ల ఏది ఒత్తితే ఏమైతదో నాకు తెల్వదు. ఆ పొద్దుగాల తిరుపతి చాయ్ కొట్టుకాడ గూడ గిదే ముచ్చట. తెల్లారితే మామిడికొత్త పండుగ. మనూరి పెద్ద వీరన్న పోయిన వానాకాలంల కాలం చేసిండు గదా, మరి దేవర ముంగట కొత్తకాయ మొదటి ముక్క ఎవలు తినాలె? అది తిన్నోడే ఇగ పెద్ద. ఆయన తిననిది ఊర్లె ఎవలూ కాయ కొరకరు. ఆ ముక్క నాకు రావాలెనని పానం కొట్టుకుంటాంది. అందుకే మా ముత్తాత కథ ఎత్తుకున్న.

అడవిల తప్పిపోయిన బర్రెను మా ముత్తాత తోలుకొచ్చిండన్న. గంతే. బర్రెను మా తాత గూడ తోలుకొచ్చిండు మామా అన్నడు తిరుపతి. నాకు ఒళ్ళు మండింది. బర్రె ఒక్కటే వచ్చిందారా, దానెనుక పులొచ్చింది, పులి చెవి వట్టి గుంజుకొచ్చి నాగలికి కట్టిండు, ఓ దిక్కు బర్రె, ఓ దిక్కు పులి, పర్ణశాల దాక ఒక్కటే సాలు దున్నిండు, ఆ సాల్లకే గోదారి వచ్చింది అన్న. నాగరాజు గిలాస కింద పెట్టి, అంతకుముందు గోదారి ఎక్కడ పారేది పెదనాయనా అన్నడు. ఒక్క మాట సక్కగ చెప్పనియ్యరు బిడ్డా, చెప్పనియ్యరు.

ఆ తర్వాత ఏమైందో తెల్సా? నీళ్ళ సప్పుడు పట్నంల రాజుకు ఇనవడ్డది, ఏనుగు మీద వచ్చిండు, ఏనుగు నీళ్ళు చూసి బెదిరింది, మా ముత్తాత దాన్ని చంకల వెట్టుకొని ఆవలి ఒడ్డుకు దాటిచ్చిండు, రాజు దాని మీద కూసునే ఉన్నడు. దిగి తలపాగ తీసి మా ముత్తాత నెత్తిన పెట్టిండు. నీ అసొంటి మంచోడు ఏలాలె, మిగతోళ్ళు ఇనాలె అన్నడు. దొరతనమంటే గదీ. ఆ రగతమే నా ఒంట్ల పారుతాంది, మరి రేపు ముక్క ఎవలికి రావాలె అని అడిగిన.

అప్పుడే మీ నానమ్మ ముత్తక్క ఇప్పపువ్వు గంప దించి, దగ్గుకుంట బల్ల మీద కూసున్నది.

"ఏమయ్యా, మీ ముత్తాతకు ముందు ఊరికి దొర ఎవలు?"

"ఎవలూ లేరు."

"మరి ఊరెట్ల నడిచింది?"

"ఎట్ల నడుస్తది, తగాదొస్తే అందరు కూసొని మాట్లాడుకునేటోళ్ళు. అడవిల దొరికింది పంచుకునేటోళ్ళు."

"మంచిగనే ఉన్నది గదా. మరి మీ ముత్తాత ఎందుకొచ్చిండు?"

కొట్టు కొట్టంత నవ్వింది, పొయ్యి మీద చాయ్ పొంగి పోయింది గూడ చూసుకోలే. రేపు మొదటి ముక్క ముత్తక్క అత్తకే అన్నడు తిరుపతి. అందరు అవ్ అంటె అవ్ అన్నరు. నా దిక్కు ఒక్కడన్న చూస్తె ఒట్టు.

ఆమె లేసి గంప ఎత్తుకున్నది. "నాకు పళ్ళు లేవు, ఉప్పేసి మెత్తగ నలపండి. ఈయనకు గూడ ఇంత పెట్టండి, లేకుంటె నా పానం తింటడు."

ఆమె పానం తిన్న గూడ. ఇంటికొచ్చినంక పులి సంగతి అబద్ధం కాదని చెప్తనే ఉన్న. ఆమె గోడ దిక్కు తిరిగి పండుకొని ఊఁ కొడ్తనే ఉన్నది. ఊఁ ఎప్పుడాగిందో నాకు తెల్వదు. తెల్లారేసరికి మీ నానమ్మ ఒంట్ల పానం లేదు.