సున్నం మరక

శుక్రవారం, సౌదీలో, బతాలోని మెస్‌లో ఇద్దరు తాపీమేస్త్రీలు ఫోన్‌లో వీడియో చూస్తున్నారు.

“ఒకప్పుడు మన రూముల ఉన్న భూమేష్ ఊర్ల సర్పంచ్ అయిండే!”

“చూస్తున్న. ఆ దండలేంది, ఆ డప్పులేంది!”

“నూరేండ్ల కింద ఇంగ్లండుల ఓ తాపీమేస్త్రి ఎంపీ అయిండట. కోటుకు సున్నం మరకతోనే పార్లమెంటుకు పోయిండట. భూమేష్ అది చెప్తుంటే జనం ఎట్ల చప్పట్లు కొడ్తున్నరో చూడు.”

“ఆ ఎంపీ ముచ్చట వానికి చెప్పిందే నేను. సున్నం మరకైతే నేనే కల్పించిన.”

“మరి నువ్వే పోయి నిలబడకపోతివి?”

“ఇక్కడోళ్లకే కొలువులియ్యాలని నితాఖత్ కానూన్ వచ్చినప్పుడు మన కంపెనీ నుంచి ఒకరిని ఇంటికి పంపాలన్నరు, యాదికున్నదా?”

“ఉన్నది. భూమేష్ పేరొచ్చింది. పాపం, ఎంత ఏడ్చిండు!”

“ముందుగాల నా పేరే వచ్చింది. మేనేజర్ కాళ్లు మొక్కి, నా జాగల భూమేష్ పేరు రాయించిన.”