డెబ్భై ఆరో పేజీ

కంపెనీ ఆఫీసు నాలుగో అంతస్తు, మధ్యాహ్నం. వార్షిక నివేదిక రాసే అమ్మాయి, ఆమె మేనేజరు. ఇంకో గంటలో నివేదిక అచ్చుకు వెళ్ళాలి.

“...చైర్మన్ గారి ఫొటో మార్చాలి. వాటాదారులకి రాసిన ఉత్తరంలో ‘కష్టకాలం’ తీసేసి ‘పరివర్తన దశ’ అని పెట్టాలి. విషయసూచికలో పేజీ నంబర్లు సరిచూడాలి. డెబ్భై ఆరో పేజీలో బాయిలర్ పేరా మార్చాలి. నాలుగూ అయ్యాయా?”

“మూడు అయ్యాయి సర్.”

“నాలుగోది?”

“నిన్న మీరు చెప్పినట్టే మార్చాను. ఇందాక మళ్ళీ పాతదే పెట్టాను.”

“అదేంటి?”

“చదివితే అర్థం కాలేదు సర్. రాసింది నేనే. నాకే అర్థం కాలేదు.”

“కాకూడదనేగా రాయించింది. ఏదీ, నిన్నటిది చదువు.”

“‘మూడవ బాయిలర్ యొక్క ఆవరణ మందమునకు సంబంధించి గమనింపబడిన స్వల్ప వ్యత్యాసము, సంతృప్తికర నిర్వహణా ప్రమాణములను దృష్టియందుంచుకొని, తగు సమయమునందు పునఃపరిశీలింపబడగలదు.’”

“అబ్బ, ఊపిరి తీసుకోడానికి కూడా సందు లేదు. బాగుంది.”

“బాయిలర్లు చూసి వెళ్ళిన ఇనస్పెక్టర్ గారు ఇంత పొడుగు రాయలేదు సర్. ‘గోడ పలచబడింది. వెలిగించవద్దు.’ అంతే రాశారు. పాత పేరాలో ఉన్నదీ అదే.”

“ఆయనకేం, రాసి సంతకం పెట్టి వెళ్ళిపోతాడు. గోడ పలచబడిందని చదివితే వాటాదారులు మీటింగులో లేచి నిలబడతారు. ఎందుకు పలచబడింది, ఇన్నాళ్ళూ ఏం చేశారు, కొత్తదెప్పుడు... జవాబు చెప్పేది నువ్వా, నేనా?”

“చెప్పాల్సినవాళ్ళు చెప్తారు కదా సర్.”

“చూడమ్మాయ్, మనమేం దాచట్లేదు. అంతా రాశాం. అర్థం చేసుకోవడం వాళ్ళ పని.”

“నేను ఏ పేరా రాసినా ముందు మా అన్నయ్యకి ఫోన్లో చదివి వినిపిస్తాను సర్. నన్ను చదివించడానికి తన చదువు పదో తరగతితో ఆపేశాడు. తనకి అర్థమైతే ఎవరికైనా అర్థమవుతుంది. ఇదొక్కటే వినిపించలేదు.”

“ఎందుకని?”

“సిగ్గేసింది.”

“ఏం చేస్తాడు మీ అన్నయ్య?”

“మన ప్లాంట్లోనే సర్. బాయిలర్ హౌసు.”

“ఎన్నో బాయిలర్?”

“ఏది వెలుగుతుంటే దాని దగ్గర. మూడోది ఇనస్పెక్టర్ గారు వచ్చినప్పటి నుంచీ ఆపే ఉంచారు కదా. ఆఫీసు నుంచి నోటీసు వచ్చేదాకా ముట్టుకోవద్దన్నారట... ఏంటి సర్, అలా అయిపోయారు?”

“ఏం లేదు. నోటీసు... పొద్దున్నే వెళ్ళింది.”

“ఏ నోటీసు?”

“ప్లాంటు బోర్డు మీద పెట్టేది. నివేదికలో ఒక మాట, బోర్డు మీద ఇంకో మాట ఉంటే రేపు ఎవరైనా పట్టుకుంటారని లాయరు గారన్నారు. రెండు చోట్లా ఒకటే ఉండాలని...”

“ఏ మాట పంపారు సర్?”

“నీ మాటే. నిన్నటి పేరా.”

“మరి బోర్డు మీదున్న ఇనస్పెక్టర్ గారి కాగితం?”

“తీసేసి ఇది అంటించమన్నాను.”

“ఉండండి. అన్నయ్యకి చేస్తాను. ఎత్తు, ఎత్తు... అన్నయ్యా, ఎక్కడున్నావు?”

“డ్యూటీలో. గట్టిగా మాట్లాడు, ఇక్కడ రొదగా ఉంది. మీ నోటీసు వచ్చిందే.”

“చదివారా?”

“ఫోర్‌మన్ నాలుగుసార్లు చదివాడు. మేమంతా చుట్టూ నిలబడి విన్నాం. ఒక్కడికీ తలా తోకా తెలియలేదు. చివరికి ‘సంతృప్తికర’ అన్న మాట దొరికింది. వద్దన్న పాత కాగితం కూడా తీసేశారు. అంటే బాగున్నట్టేగా?”

“అన్నయ్యా, మీరు దాన్ని...”

“ఫోర్‌మన్ ఇంకా నసుగుతుంటే నేనే చెప్పాను. ఇవి రాసేది మా చెల్లెలు, వంక ఉంటే వంక ఉందని మనకి తెలిసేట్టు రాస్తుంది, నాదీ పూచీ అని. ఆ మాట మీదే మూడోది వెలిగించాం.”

“ఆర్పెయ్యి. ఆర్పేసి బయటికి రా.”

“ఏంటీ? వినపడట్లా. స్టీమ్ ఎక్కుతోంది, చప్పుడు...”

“గోడ పలచబడింది. పారిపో.”

“ఏంటమ్మా? మళ్ళీ చె...”

“అన్నయ్యా... అన్నయ్యా.”

“లైను పోయిందా?”

“పోయింది సర్.”

“గేటుకి చెయ్యి.”

“మోగుతోంది. ఎవరూ ఎత్తట్లేదు.”

“అమ్మాయ్... ఆ పేరా ఇంకా అచ్చుకి వెళ్ళలేదుగా? తీసెయ్. పేజీకి పేజీ తీసెయ్.”

“ఈ ఫోను మీరు పట్టుకోండి సర్. ఎవరైనా ఎత్తితే చిన్న మాటల్లో చెప్పండి. నేను ప్లాంటుకి వెళ్తున్నాను. పేరా తియ్యను. గేటు ఫోను మోగుతుండగానే దాని కింద రెండు ముక్కలు కలిపి అచ్చుకి పంపించేశాను.”

“ఏమని కలిపావు?”

“‘మూడో బాయిలర్ గోడ పలచబడిందని మాకు ముందే తెలుసు. వాటాదారులారా, ఈ పేజీ తిప్పే ముందు, మా మాట నమ్మి దాన్ని వెలిగించిన మనిషిని గుర్తుంచుకోండి.’”