నీమక్క బారు

"తాతా, నిన్న పెండ్లిల అందరు నవ్విన్రు గదా, ఆఫ్రికాల నీకొక బారు ఉండెనంట. నిజమేనా?"

ఎవడు చెప్పిండు? మా అన్న కొడుకేనా? ఆఁ, వాడే అయ్యుంటడు. బంతిల కూసోని అన్నం తినుకుంట నవ్వుతుండె, నేను సూస్తనే ఉంటి. వాని నోట్ల మన్ను వడ. ఏం తెలుసే వానికి? బారంటే తాగి పడిపోవుడు ఒక్కటే ఎరుక. కూసో గిట్ల. ఆ ఫోను పక్కకు పెట్టు... ఏందీ, రికార్డు చేస్తున్నవా? చేసుకో. వానికి గూడ వినిపియ్యి.

ఉండె, నాకొక బారు ఉండె. నాదంటే నాది కాదు, నీమా అని, ఆమెది. నేను నీమక్క అంటుంటి. ఆమె సముద్రం దాటి మన దుకాణం గడపకాడికి వచ్చి, నేను లేననిపించుకోని వాపస్ పోయింది. వీళ్లు నవ్వుతరంట, నవ్వుతరు!

రాయచూరు గంజ్ల మా అన్నది దుకాణం, తెలుసు గదా, పత్తి జిన్నింగు మిషన్ల సామాన్లు. ఆ పని మీదనే నన్ను మ్వాంజాకు తోలిన్రు. టాంజానియాల ఊరది, సముద్రమంత చెరువు ఒడ్డున ఉంటది. మనకాడ వానలు పడే దినాల్ల ఆడ పత్తి వస్తది. ఏటా నాలుగు నెలలు మిల్లుల రోలర్లు బిగించుడు, అరిగినయి మార్చుడు. ఐదేండ్లు పోయిన. ఐదా... కాదు, మీ చిన్నాయన టెంత్ ఫెయిలైన యేడు గూడ ఆడనే ఉంటి, ఆరు.

దినమంతా పత్తి దుమ్ము, ముక్కులల్ల, చెవులల్ల. సాయంత్రం మిల్లు బందయితే సీదా నీమక్క కాడికే. నీలం రేకుల షెడ్డు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ముంగట నీళ్లు. మన యరగేర రోడ్డు మీద గాలి మొకం కాలుస్తది సూడు, ఆడ గట్ల కాదు, సల్లగ వచ్చి నిద్ర తెప్పిస్తుండె. ఒక్క బీరు తాగుతుంటి. ఒక్కటే. అబద్ధమెందుకులే, ఆదివారం రెండు.

మన ఇంట్ల నీసు ముట్టం గదా. ఆడ అన్నీ చేప ఏంచిన నూనెలనే ఏంచుతరు. రెండు దినాలు నేను ఒట్టి పల్లీలు తినుడు సూసి, మూడో దినం ఆమె బజారుకు పోయి కొత్త బాణలి కొనుక్కొచ్చింది. పిడికి ఎర్ర దారం కట్టింది. "ఇది నీది, దీంట్ల చేప పడదు" అన్నది. నేను అడగనే లేదే! అరటికాయలైనా, చిక్కుడు గింజలైనా నాకు దాంట్లనే. ఒకసారి మలేరియా వచ్చి నాలుగు దినాలు లేవలే. ఆ బాణలిలనే గంజి కాచి తెచ్చి తాపింది. మిల్లు సేటు తొంగి గూడ సూడలే.

ఇయన్నీ ఇంట్ల చెప్పలే. మెస్సుల తింటున్న అని ఫోన్ల చెప్తుంటి. ఎవడో మా అన్న చెవుల ఊదిండు, నీ తమ్ముడు బార్ల కూసుంటడని. నేను ఇంటికి రాంగనే నిలదీసిండు. అప్పుడు నేను... అమ్మ మీద ఒట్టు పెట్టిన. బారు గడప తొక్కలే అని. అమ్మ పక్కనే కూసోని ఉండె. ఆ తర్వాత గూడ రెండేండ్లు పోయిన, అదే కుర్చీల కూసున్న.

ఆఖరుసారి వచ్చేటప్పుడు దుకాణం అడ్రసు రాసిచ్చిన. "మా ఊరికి రా అక్కా, మా ఇంట్ల తిందువు" అన్న. అంటం గదా మనం గట్ల, అంత దూరంకెల్లి ఎవరొస్తరులే అని. ఆమె వచ్చింది. కొడుక్కు గుండె ఆపరేషను అని హైదరాబాదు తెచ్చింది. వాన్ని దవాఖాన్ల పెట్టి, ఒక్కతే రైలెక్కి, రాయచూరుల దిగి, నా చీటి ఆళ్లకీళ్లకు సూపించుకుంట గంజ్ దాకా నడిచొచ్చింది. మిట్టమధ్యాన్నం. "వెంకట్ బ్రదర్ ఉన్నడా? నేను నీమా, బారు నీమా" అన్నది. దాచేదేముంది ఆమెకు?

మా అన్న మొకం మాడిపాయె. "ఊర్ల లేడు, హట్టికి పోయిండు" అన్నడు. ఎప్పుడొస్తడంటె తెల్వదన్నడు. పాపం నీళ్లడిగింది. హమాలీలకని పక్కన పెట్టిన గిలాస ఉండె, గది ఇచ్చిండు. ఆమె నా కోసం బాణలి వేరుగ పెట్టింది, ఈయన ఆమెకు గిలాస వేరుగ పెట్టిండు. థూ! పోయినోళ్లను తిట్టొద్దు అంటది మీ అవ్వ. తిడ్త నేను. అన్న అయితె ఏంది?

"నువ్వు నిజంగ హట్టికి పోయుంటివా తాతా?"

ఏమడుగుతవే నువ్వు! సప్పుడు చేయకుండ సుమ్నె కూసో.

...పోలే. గోదాముల ఉంటి. దుకాణం వెనక, బేరింగుల పెట్టెలకాడ. ఆమె గొంతు వినపడంగనే లేచిన, తలుపు దాకా వచ్చిన. అమ్మ మీది ఒట్టు యాదికొచ్చింది. బయటికి పోతె అన్న ముంగట అబద్ధం బయటపడుతది, ఇజ్జత్ పోతది అని... ఆడనే నిలవడ్డ, దొంగోని లెక్క. ఆమె గిలాస కింద పెట్టిన సప్పుడు గూడ ఇన్న. ఇన్నేండ్ల నుంచి అన్నను తిడుతున్న గాని, బాణలి సంగతి ఆయనకేం ఎరుక? నాకు ఎరుకుండె గదా! ఆయన కన్న పెద్ద లుచ్ఛాగాన్ని నేను.

ఏ దవాఖాన అని గూడ ఎవరు అడగలే. రేపు పోత, ఎల్లుండి పోత వెతుకనీకె అనుకుంటనే ఉన్న. ఆ పోరడు బతికిండో లేదో నాకు తెల్వదే.

"ఆ మిల్లు నంబరు ఇంటర్నెట్ల దొరుకుతది తాతా. ఆళ్లకు నీమా ఎరుకుంటదేమో. అడుగుదునా?"

దొరుకుతదా? ఇప్పుడేనా? ఆగు, ఆగు జర. నువ్వే మాట్లాడు, నీ ఇంగ్లీషు మంచిగుంటది. నాకు నోరు రాదు... వద్దు, వద్దు. నాకే ఇయ్యి. నీ కడుపు సల్లగుండ బిడ్డా, నూరేండ్లు బతుకు. దొరికితె ఆ ఫోను నా చేతికే ఇయ్యి. కొడుకు ఎట్లున్నడని తర్వాత అడుగుత. ముందు, ఆ దినం నేను ఊర్లనే ఉంటినక్కా అని చెప్పాలె. తలుపెనకనే ఉంటి అని చెప్పాలె. కలుపు, కలుపు నంబరు.