ఐదో నెల హెర్నియా

అది కాదు డాక్టరమ్మా, కాస్త మెల్లిగా మాట్లాడండి. తలుపవతలే మా ఆయన ఉన్నాడు. హెర్నియా అన్న మాట ఆయన చెవిన పడిందంటే నా కొంప మునుగుతుంది.

ఎందుకంటే, ఆయన లెక్కలో నాకిప్పుడు ఐదో నెల.

అలా చూడకండి. మొదట్నుంచీ చెబుతాను. ఈ బల్ల మీంచి లేవనా? పడుకుంటే ఈ ఉబ్బు లోపలికి పోతుంది. అప్పుడు ఏమీ లేదు పొమ్మంటారు.

ఇది లేచి రెండేళ్ళయింది. చిన్నదాని కాన్పుకి పొట్ట కోశారు చూడండి, ఆ పాత కుట్టు దగ్గరే. మొదట నిమ్మకాయంత, తర్వాత బత్తాయంత. దగ్గితే వస్తుంది, నవ్వినా వస్తుంది. మా ఇంట్లో నవ్వే అవకాశం తక్కువ గనక దగ్గుకే వచ్చేది. నేను బడి పిల్లల యూనిఫారాలు కుడతాను. గుడ్డల మూటలు రెండంతస్తులు మొయ్యాలి. మూట ఎత్తినప్పుడల్లా, ఎవరొచ్చారో చూద్దామన్నట్టు, తొంగిచూసేది.

ఇంట్లో చెప్పకేం, చెప్పాను. గ్యాసు అన్నాడు మా ఆయన. ఆయన చిటికెన వేలికి ముల్లు గుచ్చుకుంటే ఇంటిల్లిపాదీ ఒంటికాలి మీద నిలబడాలి. నా పేగు గోడ దూకి బయటికొస్తే మాత్రం గ్యాసు. నడుం బిగించి పని చేసుకో, అదే సర్దుకుంటుందన్నాడు. నిజంగానే బిగించాను. పాత కాన్వాసు గుడ్డతో, నాలుగు హుక్కులు పెట్టి, బెల్టు కుట్టుకున్నాను. ఇందాక విప్పి, ఎక్కడ కొన్నావని అడిగారే, అదే.

ఇక ఈ ఐదో నెల మా అత్తగారి పుణ్యం. రెండు నెలల కింద ఒక పొద్దున పంపు దగ్గర బకెట్టు ఎత్తబోయి వాంతి చేసుకున్నాను. ఆవిడ వచ్చి నా పొట్ట మీద చెయ్యి వేసి చూసి, కొడుకుని కేకేసి, "ఒరేయ్, నీ పెళ్ళాం నీళ్ళోసుకుందిరా" అంది. మూడో నెల అని లెక్క కూడా తనే కట్టింది. నలభై నాలుగేళ్ళకి కడుపంటే నలుగురూ నవ్వుతారు, బయట చెప్పొద్దంది.

ఆ బకెట్టు ఆయనే ఎత్తాడు డాక్టరమ్మా. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన చేతిలో బకెట్టు చూడటం నాకదే మొదలు.

మర్నాటి నుంచి మూటలు ఆయనే మెట్లెక్కిస్తున్నాడు. నా వీపు వెనక దిండు సర్దుతాడు. సాయంత్రం పొట్టకి చెవి ఆనిస్తాడు. లోపల పేగు గుడగుడమంటే, తంతున్నాడే అని మురిసిపోతాడు. అన్నం తిన్నాక మరీ తంతున్నాడట. పేరు కూడా ఖాయం చేశాడు.

నేను కాదనలేదు. తప్పే, ఒప్పుకుంటున్నాను. పెళ్ళానికి పేగు జారిందంటే కదలని మనిషి వారసుడనగానే మెట్లెక్కి దిగుతుంటే, కాదనడానికి నాకు నోరు రాలేదు. నా నడుము మీకుంటే మీకూ వచ్చేది కాదు.

మొన్న శుక్రవారం మాత్రం హడలిపోయాను. అది రాయిలా గట్టిపడింది. తోస్తే లోపలికి పోదు. అరగంట సేపు నొప్పి, వాంతులు. నెలలు నిండకుండానే వచ్చేస్తున్నాడేమోనని ఆయన వేడినీళ్ళు పెట్టాడు. దేవుడి దయ, దానంతటదే సర్దుకుంది. అందుకే ఇలా వచ్చాను.

మీరు చెప్పిందంతా అర్థమైంది. ఈసారి ఇరుక్కుంటే పేగుకి రక్తం అందదు, కుళ్ళిపోతుంది, ప్రాణం మీదికొస్తుంది. ఆపరేషన్ వాయిదా వెయ్యకూడదు. లోపల పరిచి కుడతామన్న ఆ వల సంగతికి బొమ్మ గియ్యక్కర్లేదు. చిరిగిన అంచులు రెండూ లాగి కుడితే పక్కన మళ్ళీ చిరుగుతుంది. చిరుగు కంటే వెడల్పుగా మాసిక పరిచి కుట్టాలి. నిక్కర్లకి నేను పాతికేళ్ళుగా చేస్తున్న పనే. మీ చేతి కుట్టు ఎలా ఉంటుందోనన్నదే నా బెంగ.

ఆయనకి వేరే ఏదైనా చెప్పడం కుదరదా? సరే. పిలిచి నిజమే చెప్పండి. ఆరు వారాలు బరువు ఎత్తొద్దన్నారు కదా, అది కాగితం మీద రాయండి. మీ మామూలు రాత వద్దు, ఆయన చదవగలిగేట్టు రాయండి.

ఇంకొక్క మాట. మా అత్తగారిని తెలివితక్కువ మనిషి అనుకుంటున్నారు కదూ? నేనూ అనుకున్నాను. ముగ్గుర్ని కన్న మనిషికి పేగుకీ పిండానికీ తేడా తెలీదా అని. శుక్రవారం నా నొప్పి తగ్గాక ఆవిడ తలుపు గడియపెట్టి, తన నడుముకి చుట్టుకున్న గుడ్డ విప్పి చూపించింది. చిన్న గుమ్మడికాయంత ఉంది డాక్టరమ్మా. ముప్పై ఏళ్ళుగా కట్టుకుంటోందట.

"నాకు గ్యాసన్నారే. అందుకే నీకు కడుపన్నాను. ఎత్తాడా లేదా బకెట్టు?" అంది. ఇవాళ నన్ను లాక్కొచ్చింది కూడా ఆవిడే.

కాబట్టి ఆవిడనీ చూసి, చీటీలు రెండు రాయండి, నాకొకటి, ఆవిడకొకటి. బయట దిండు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది ఆయన, పక్కనున్నది ఆవిడ. ఆవిడకీ ఆరు వారాలు బరువు కూడదంటారు, ఇంట్లో ఎవరెత్తుతారో మరి. డెబ్బై రెండేళ్ళావిడ నీళ్ళోసుకుందంటే లోకంలో ఎవరూ నమ్మరు.

మా ఆయన సంగతి చెప్పలేం లెండి. గుడగుడకి పేరు పెట్టిన మనిషి.