కేసెట్లో ఊ కొట్టిందెవులు?

ఆ ఫోన్లో కథ పెట్టీసి గుంటల్ని కూకోబెట్టీసేవు, బాగానే ఉంది గానీ సింధూరీ, ఆ సెప్పే ఆవిడికి ఊ ఎవులు కొడతారే? ఎవులూ కొట్టకపోయినా సెప్పుకుపోతాదా? అచ్ఛా! అదేం కథే తల్లీ. మాకైతే ఊ కొట్టాల. ఊ ఆగిందంటే కథా ఆగిపోనట్టే. మా కనకదుర్గ పెనిమిటి మల్లేశుకైతే మరీని, ఎదురుగా ఊ కొట్టీవోళ్ళు నేకపోతే నోరే పెగల్దు. కనకదుర్గంటే నీకెలా తెలుస్తాదిలే, అది పోయి శానా ఏళ్ళయింది. ఈ సంగతి జరిగినప్పటికి నువ్వు డిగ్లీపూర్లో మీ అమ్మ సంకలో ఉండుంటావు. ఆ ఊ కాడే పాపం దాని ప్రాణం కొట్టుకులాడిపోయింది.

మన దీవుల్లో సునామీ వచ్చిన తరవాత మాట. సిప్పీఘాట్లో మా ఇళ్ళు నీట్లో కూకుంటే టిన్ షెల్టర్లిచ్చేరు. రేకు గోడకి ఇటు నాను, అటు కనకదుర్గా దాని గుంటలిద్దరూను. మల్లేశు అటు హట్‌బే దీవికి సేపల ఏటకెళ్ళి మరి రానేదు. సముద్రం పట్టుకుపోయిందన్నారు, శవమైనా దొరకనేదు. కొన్నాళ్ళకి పోలిరాజనీసి ఒకడొచ్చేడు. హట్‌బేలో ఇద్దరూ ఒకే పడవలో ఏటకెళ్ళీవోరట. ఈడు సునామీకి ముందురోజే షిప్పెక్కి ఇటు హాడో రేవుకి వచ్చీసేడు, అలా బతికిపోనాడు. జేబులోంచి కేసెట్ తీసి, "గుంటలకి కథ రికార్డు సేసేడమ్మా, మీకిచ్చీమన్నాడు" అన్నాడు. ఇచ్చీసి ఎల్లిపోతాడా? ఎల్లడే!

పక్క షెల్టర్ జోగులు దగ్గర టేప్‌రికార్డర్ అడిగి తెచ్చేం. అందరం సుట్టూ కూకున్నాం. "పీత పెళ్ళికి బయల్దేరిందర్రా" అన్నాడు మల్లేశు. ఓలమ్మో, పక్కనే కూకుని సెప్తన్నట్టే ఉంది. గుంటలు ఏడుపు మరిసిపోయి ఊ అందారని నోరు తెరిసేరు. ఈళ్ళకన్నా ముందే కేసెట్ లోపల్నించి సన్నగా "ఊ" అనొచ్చింది. ఆడగుంట గొంతు! పెద్దోడు పైడిబాబు, "అమ్మా, మన ఊ ఎవులో కొట్టీసేరే" అన్నాడు. కనకదుర్గ మొహం సూడాల అప్పుడు. గుంటలు పడుకున్నాక గోడవతలనించి గుసగుస, "కాళమ్మప్పా, ఎవుల్దప్పా ఆ గుంట? నాలుగైదేళ్ళుంటాయి కదా? ఈయన హట్‌బే ఎళ్ళడం మొదలెట్టీ అన్నేళ్ళే. మమ్మల్ని ఒక్కసారైనా తీసుకెళ్ళనేదు సూడు." క్యా మాలూమ్, నాకేటి తెల్సే అన్నాను. మొగోళ్ళని నమ్మే అలవాటు నాకూ నేదు. బస్, అంతే, దానికి ఏడుపే ఆగిపోయింది. ఆడు సచ్చిపోనాడో, అక్కడ ఇంకో కాపరం పెట్టుకుని సుబ్బరంగా ఉన్నాడో తెలీనప్పుడు ఎవులి కోసం ఏడుస్తాది?

మరి ఆ పోలిరాజు సంగతి? రోజూ సాయంత్రం కేసెట్ పెట్టీ వేళకి గుమ్మం బయట కూకుంటాడు, మొహం రోడ్డువేపు పెట్టుకుని. టీ ఇస్తే వద్దు. "నీ వోళ్ళేరీ?" అంటే "అక్కడే ఉన్నారు" అంటాడు. పెళ్ళాన్ని అక్కడొదిలీసి మొగుడు పోనదాని గుమ్మం కాడ నీకేటి పనిరా భయ్యా! షెల్టరంతా సెవులు కొరుక్కునీవోరు. కనకదుర్గదొకటే మాట, "మా ఆయన గుట్టు ఈడికి తెల్సప్పా, దాస్తన్నాడు."

ఒకరోజు సగం కథలో టేపు ఆపీసింది. గుమ్మంలోకొచ్చి, "రేపట్నించి ఇటు రాకు. ముందు అడిగినదానికి సెప్పు. ఈ గుంట ఎవుల్ది? మా ఆయనకి అక్కడెవులున్నారు?" అని గట్టిగా అడిగీసింది. ఆడు లేసి నిలబడ్డాడు. "ఎవులూ నేరమ్మా... ఊ నేకపోతే కథ రాదనీసి మా గుంట బుల్లిని ఒళ్ళో కూకోబెట్టుకున్నాడు. దాన్నీ దాని తల్లినీ అక్కడే వదిలీసి నాను షిప్పెక్కీసేనమ్మా, తెల్లారీసరికి సముద్రం వచ్చీసింది. దాని ఫోటో కూడా నేదు నాకాడ. ఆ ఊ ఒక్కటే ఉంది" అన్నాడు. "మరి నువ్వే ఉంచీసుకోకపోయేవా కేసెట్టు?" అన్నాను నాను. "మల్లేశు ఈళ్ళకిమ్మన్నాడు కదప్పా" అన్నాడు.

అప్పుడేడిసింది కనకదుర్గ. గుమ్మంలోనే కూలబడి, "ఓలయ్యో, నన్నొదిలి ఎల్లిపోనావా" అనీసి మొగుడికోసం అన్నాళ్ళకి గుండె పగిలేలాగ ఏడిసింది. ఏడిసేడిసి, కొంగుతో మొహం తుడుసుకుని, పోలిరాజుని లోపలికి పిలిసి సాప మీద కూకోబెట్టింది. కేసెట్ మొదటికి తిప్పి పెట్టింది. గుంటలతో ఏటందో తెల్సా? "ఒరే, మీరు ఊ కొట్టకండిరా. ఆ పాపని కొట్టనియ్యండి" అంది.

...

ఏటే అలా సూస్తన్నావు? లే, మబ్బేసింది, బట్టలు తీయ్.