రెండోసారి అంటని బుచ్చమ్మ

నా పేరు బుచ్చమ్మ. మొగని పేరు మైసయ్య. వయసు ముప్పై రెండుంటది. గౌలిపురల మాకు రెండు బర్రెలున్నయి, పాలు పోసి బతుకుతం. ఇది 1979. దవాఖాన మంచం మీదికెళ్లి చెప్తున్న, ఠాణా జమేదార్ సాబ్ రాసుకుంటున్నడు.

నిన్న ఆదివారం పొద్దుగూకంగ బర్రెను పిండుతున్న. మైసయ్య కల్లు కంపౌండ్ నుంచి వచ్చిండు. చేతుల పగిలిన సీసా, దానికి నెత్తురు. నా నెత్తురు కాదు, అప్పటికి. వస్తనే బకెట్ తన్నిండు. కొప్పు పట్టి కుడితి గోలెం దాంక ఈడ్చి, తల అండ్ల ముంచిండు. లేపి, "మన సంగతి ఇస్సాకుకెట్ల ఎరుకనే?" అన్నడు. మళ్ళ ముంచిండు. చెప్తమంటె నోట్లె కుడితి.

ఇస్సాకు మా గల్లీ మనిషే. సైదాబాద్ దిక్కు మందులు పరీక్ష చేసేకాడ జంతువులను సాకుతడు. కంపౌండ్ల గిట్ల అన్నడట: "మా బుచ్చమ్మకు సెగరోగం ఎక్కించిన్రు. తగ్గింది. తర్వాత సూది మీద సూది ఇచ్చి మళ్ళ ఎక్కించిన్రు. ఈసారి అంటలే." అది విని మైసయ్య ఆయన నొసటి మీద సీసా పగలగొట్టిండు.

అది నా సంగతే అని ఎందుకు నమ్మిండో చెప్త. సిగ్గయితది, అయినా చెప్త. నిరుడు మైసయ్య బయటికెళ్లి సెగ తెచ్చి నాకంటించిండు. ఇద్దరం సూదులేసుకున్నం. మొన్న వానల్ల ఆయనకు మళ్ళొచ్చింది. నాకు రాలే. దగ్గరికి రానిస్తే గద.

గోలెంలకెళ్లి లేపి నా కుడిచెయ్యి ఎనక్కి మడిచిండు. ఎముక విరిగిన సప్పుడు నాకే వినబడ్డది. బర్రె దూడకోసం అరుస్తనే ఉంది. ఇంకో చేత్తోని బకెట్ అందుకొని మూతి మీద కొట్టిన. ఒక్కటి కాదు. పళ్ళు రాలినయి. అది గూడ రాయుండ్రి, దాచేదేం లేదు.

ఇయ్యాల పొద్దున ఇస్సాకు నెత్తికి పట్టీతోని నా మంచం కాడికొచ్చి ఏడ్చిండు. "అక్కా, బుచ్చమ్మంటె నువ్వు కాదక్కా, గినీపంది. ఎలుకకంటె పెద్దగుంటది, తోకుండది. నంబర్లు నోరు తిరగక పేర్లు పెట్టుకున్న."

"నా పేరే దొరికిందార?" అన్న.

"గట్టిది గదక్కా, అందుకే."

ఆయనెంబడి వచ్చిన బస్తీ పెద్దలు నవ్విన్రు. వాళ్ళెనక నిలబడ్డ మైసయ్య గూడ పగిలిన మూతితోని నవ్విండు. "పొరపాటాయె. పంది అని ముందే చెప్తె లొల్లే కాకపోవు. రాజీ పడు," అంటున్నరు.

పొరపాటు ఏంది సాబ్? అది పంది గాక నేనే అయితే ఈ దెబ్బలు సరే అన్నట్టా? రోగం ఇంట్లకు తెచ్చిందెవరో ఆయనకు ఎరుకే. ఎరికుండే కొట్టిండు. నేను రాజీ పడ.

రాసింది చదివి వినిపించిన్రు. నా నోట్లెకెళ్లి వచ్చిందే ఉంది, ఒక్క అబద్ధం లేదు. కుడిచెయ్యి లేస్తలేదు గనుక ఎడమ బొటనవేలు ముద్ర ఏస్తున్న.

బుచ్చమ్మ వేలిముద్ర